ఆదివారం ఆటలో పోయిన పన్ను

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో, మా ఇంటికి దగ్గర్లోనే ఒక కమ్యూనిటీ సెంటర్ ఉంది. ఆదివారం పొద్దున అక్కడి బాస్కెట్‌బాల్ కోర్టులో సగం మేము అద్దెకు తీసుకునేవాళ్ళం. మేమంటే ఎనిమిది మంది ఆడవాళ్ళం. అందరం నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళం, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, పిల్లల తల్లులం. పిల్లల ప్రాక్టీసు అయ్యేదాకా బెంచీల మీద కూర్చుని ఫోన్లు చూసుకునే రోజుల్లో ఎవరో ఒకరు లేచి, పక్కన ఖాళీగా ఉన్న బుట్టలోకి బంతి విసిరారు. దాంతో మొదలైంది. తీరా చూస్తే మాలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆడినవాళ్ళమే. నేను గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఉండేదాన్ని. పెళ్ళయ్యాక బంతి ముట్టుకోలేదు.

అందరిలోకీ బాగా ఆడేది నా స్నేహితురాలు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అని పిలుస్తుంది. వరంగల్ పిల్ల, పొడగరి. స్కూల్లో ఉండగానే జిల్లా జట్టుకి ఆడిందట. బంతి చేతికి చిక్కగానే రెండు మోచేతులూ బయటికి పెట్టి గిర్రున తిరిగేది. ఎవరూ లాక్కోకుండా అలా తిరగమని వాళ్ళ పీటీ టీచర్ నేర్పాడట. మేము అమెరికా వచ్చిన కొత్తలో ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. నా చిన్నవాడు పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాకపోతే నాకు పథ్యం వండి పెట్టింది తనే.

మా పిల్లలెవరూ మౌత్‌గార్డ్ లేకుండా కోర్టులోకి దిగేవాళ్ళు కాదు. పైపళ్ళకి తొడుక్కునే మెత్తటి ప్లాస్టిక్ తొడుగు అది. మరచిపోయి వస్తే తల్లులం తిట్టి, వెనక్కి వెళ్ళి మరీ తెచ్చేవాళ్ళం. మనం కూడా పెట్టుకోవాలి కదా అన్న ఆలోచన మాత్రం మాలో ఒక్కరికీ రాలేదు. వచ్చినా పెట్టుకునేవాళ్ళం కాదేమో. అది నోట్లో ఉంటే మాట్లాడలేం. మేం అక్కడికి వెళ్ళేది సగం ఆడుకోవడానికి, సగం మాట్లాడుకోవడానికి. ఆఫీసులో మేనేజర్లు, ఇంటి పనులు, అత్తగారి మోకాలి ఆపరేషన్, అన్నీ బంతి వెంట పరిగెడుతూనే చెప్పుకునేవాళ్ళం.

ఆ చలికాలం మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి. మా ఆయన కంపెనీ ఏదో వేరే కేటగిరీలో ఫైల్ చేయడం వల్ల మా పని ముందు అయిపోయింది. ఎన్నేళ్ళుగానో గుండె మీద ఉన్న బరువు దిగినట్టయింది. ఆ ఆదివారం సున్నుండలు చేసి, డబ్బాలో పెట్టుకుని జిమ్‌కి తీసుకెళ్ళాను. అందరూ అరిచారు, కౌగిలించుకున్నారు. నా స్నేహితురాలు రెండు ఉండలు తింది. "ఇగ నీకు ఫికర్ లేదక్కా," అంది. నవ్వుతూనే అంది.

వాళ్ళది ఇంకా లైన్లోనే ఉంది. వాళ్ళ పెద్దమ్మాయి కాలేజీలో చేరింది. ఇరవై ఒకటి నిండేలోగా కార్డు రాకపోతే ఆ పిల్ల తల్లిదండ్రుల వీసా కింద ఉండటానికి వీల్లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలుసు గనక ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఆ రోజు మేమిద్దరం చెరో జట్టులో పడ్డాం. ఆట సగంలో ఎవరో వేసిన బంతి రింగుకి తగిలి పైకి లేచింది. దానికోసం ఇద్దరం ఎగిరాం. అది తన చేతికి చిక్కింది. తను కిందికి దిగుతూ ఎప్పటిలాగే తిరిగింది. మోచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

ముందు నొప్పి తెలియలేదు. తల లోపల టక్‌మని శబ్దం వినపడింది, అంతే. నోట్లో ఏదో గట్టిగా తగిలితే ఉమ్మేశాను. నేల మీద రక్తం, అందులో నా ముందు పన్ను ముక్క. దాన్ని చూసినవాళ్ళలో ఒకావిడ గోడకి ఆనుకుని కూలబడిపోయింది. ఇంకొకామె ఆ ముక్కని పేపర్ నాప్కిన్‌లో చుట్టింది.

నన్ను కారెక్కించి డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది నా స్నేహితురాలే. ఆదివారం కావడంతో క్లినిక్ మూసి ఉంది. ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తే, డాక్టరు తనే వచ్చి తలుపు తీస్తానంది. మంచు పడుతోంది, రోడ్డు సరిగా కనిపించడం లేదు. తను ఏడుస్తూనే డ్రైవ్ చేసింది. "సారీ అక్కా, సారీ అక్కా" అని దారి పొడుగునా అంటూనే ఉంది. నోటికి టవల్ అదుముకుని ఉన్నాను కాబట్టి, ఫర్వాలేదని చెప్పడానికి తన మోకాలు తట్టాను.

డాక్టరు పెద్దావిడ, తెల్ల జుట్టు. ఎక్స్‌రే చూసి, పన్ను చిగురు దగ్గర విరగడమే కాదు, వేరు కూడా నిలువునా చీలిందంది. దాన్ని తీసేయాల్సిందే. పక్క పన్నుకి అంచు పోయింది, అది అతికించొచ్చు.

"గార్డ్ పెట్టుకోలేదా?" అని అడిగింది.

లేదని తలూపాను.

"మీ ఇద్దరు పిల్లలకీ ఇక్కడే చేయించారు కదా," అంది నా పాత రికార్డు చూస్తూ. "ఇలా వచ్చే తల్లుల్ని చూస్తూనే ఉంటాను. గార్డ్ ఉన్నా దెబ్బ తగిలేది, పెదవి వాచేది. పన్ను మాత్రం బహుశా మిగిలేది."

గట్టిగా ఏమీ అనలేదు. ఆవిడ మామూలుగా చెప్పిన ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. నా స్నేహితురాలు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. తన టీషర్టు నిండా నా రక్తం.

ఆ వారంలోనే పన్ను తీసేశారు. ఖాళీ అయిన చోట ఎముక పొడి నింపి, అది గట్టిపడ్డాక స్క్రూ బిగించి, దాని మీద కొత్త పన్ను పెట్టాలి, అందుకు చాలా నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా పెట్టుకుని తీసేయడానికి ఒక ఊడే పన్ను ఇచ్చారు. వాపు తగ్గేవరకు దాన్ని కూడా పెట్టుకోవద్దన్నారు.

వాపు ఉన్నన్నాళ్ళూ నా స్నేహితురాలు రోజూ ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేది. గరిటెజారుగా వండిన పెసరపప్పు కిచిడీ, మెత్తగా కలిపిన పెరుగన్నం, సేమియా పాయసం తెచ్చేది. గిన్నె నా చేతికిచ్చి, నేను తింటుంటే చూసేది. నేను తలెత్తితే చూపు పక్కకి తిప్పుకునేది.

ముందు పన్ను లేకపోతే ఎలా ఉంటుందో అద్దంలో చూసుకునే దాకా తెలుసనుకున్నాను. నవ్వొచ్చినా, ఆవులింత వచ్చినా చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళేది. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసేదాన్ని. ఇంగ్లీషు కాస్త నయం, తెలుగు మరీ కష్టమైంది. త, ద పలకాలంటే నాలుక పోయి పంటికి తగలాలి. నా నాలుక ఖాళీలోకి జారిపోయేది. దంతం అన్న మాటే రాలేదు. నా చిన్నవాడు ఒకసారి నవ్వి, వెంటనే "సారీ అమ్మా" అన్నాడు. వాడు ఆ సారీ అనకపోతే బాగుండేదనిపించింది.

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి గొల్లుమంది. జరిగిందంతా చెప్పించుకుని వింది. ఆ తర్వాత అడిగింది. "కార్డు వచ్చిందని ఎవరెవరికి చెప్పావే? ఎవరికి పంచావు ఆ సున్నుండలు?"

"అందరికీ పంచానమ్మా. మా వాళ్ళే."

"ఆ కొట్టిన అమ్మాయికీ ఇచ్చావా? వాళ్ళకి ఇంకా రాలేదన్నావుగా?"

"అమ్మా, నీ చాదస్తం ఆపు."

"నేనేం అన్నానే? దిష్టి తగిలిందన్నాను. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిపించుకో. నీ మేలు కోరే చెబుతున్నా."

నవ్వి ఫోన్ పెట్టేశాను. నాకు దిష్టిలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ వాళ్ళకి ఇంకా రాలేదన్న ముక్క మాత్రం ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. అప్పటికి ఊడే పన్ను పెట్టుకోవడం మొదలుపెట్టాను, కానీ అక్కడేమీ నమలలేదు. మాతో ఆడే ఒకావిడ నన్ను వంటింటి మూలకి తీసుకెళ్ళింది.

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు ఆవిడ మూడ్ అస్సలు బాలేదండీ. మీరు స్వీట్స్ ఇచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. ఫస్ట్ నుంచీ రఫ్‌గానే ఆడింది. నన్ను కూడా ఒకసారి తోసేసింది."

"ఆటన్నాక తోసుకుంటాం కదండీ," అన్నాను.

"అంతేననుకోండి. నాకనిపించింది చెప్పానంతే."

ఇంటికి వస్తూ కారులో ఆ మాట మా ఆయనతో అన్నాను. ఆయన కొట్టిపారేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం, "నేనేమీ అనట్లేదు. కానీ వాళ్ళ సిట్యుయేషన్‌లో ఎవరికైనా జెలసీ ఉంటుంది కదా," అన్నాడు.

"అంటే కావాలని కొట్టిందంటావా?"

"నేనలా అన్నానా?"

ఎవరూ అలా అనలేదు. అందరూ దాని దగ్గరదాకా వచ్చి ఆగిపోయారు. మిగిలిన అడుగు నా బుర్రలో నేనే వేసుకున్నాను. తను ఎగరడం, దిగడం, తిరగడం, కళ్ళు మూసుకుంటే మళ్ళీ మళ్ళీ కనిపించేవి. నేను వెనకే ఉన్నానని తనకి తెలుసా? తెలిసే తిరిగిందా? ఎప్పుడూ అలాగే తిరుగుతుంది కదా, మరి అన్నేళ్ళలో ఒక్కసారైనా ఎవరికీ తగల్లేదేం?

ఈ మాటలు తిరిగి తిరిగి తన చెవిన కూడా పడ్డాయి. పడ్డాయని నాకు ఎలా తెలిసిందంటే, తను రావడం మానేసింది. మెసేజ్ పెడితే దండం బొమ్మ ఒకటి వచ్చేది. ఆదివారం ఆటకీ రాలేదు. వర్క్ ఎక్కువగా ఉందని గ్రూపులో రాసింది. నేనూ రెట్టించలేదు. నిజం చెప్పాలంటే, రాకపోవడమే హాయిగా అనిపించింది కొన్నాళ్ళు.

చిగురు మానాక డాక్టరు ఇక ఆడొచ్చంది. ఊడే పన్ను తీసేసి ఆడాలి, గార్డ్ తప్పకుండా పెట్టుకోవాలి. నోట్లో చల్లటి ముద్ద పెట్టి, కొరకమని, నా పళ్ళ అచ్చు తీసుకుంది. వారం తర్వాత నా నోటికి సరిపడా గార్డ్ వచ్చింది. ఖాళీ ఉన్నచోట ప్లాస్టిక్ కాస్త దట్టంగా ఉంది.

అది పెట్టుకుని మొదటిసారి కోర్టులోకి దిగిన రోజు బంతి నా వైపు వస్తే తల తిప్పేసుకున్నాను. పక్కన ఎవరైనా చెయ్యెత్తితే చాలు, భుజాలు బిగుసుకుపోయేవి. పళ్ళు గార్డ్‌లోకి దిగబడేవి. ఇంతకు ముందు లేని తొడుగు ఇప్పుడు ఉంది, ఇంతకు ముందు లేని భయమూ ఉంది. నన్ను చూసి మరో ఇద్దరు గార్డులు కొనుక్కున్నారు. మిగతావాళ్ళు "మీకైతే అవసరమే, మాకెందుకు" అన్నారు.

నా స్నేహితురాలు లేని ఆట ఆటలా లేదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా వారాలు పట్టింది.

ఒకరోజు ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో తను కనిపించింది. బియ్యం బస్తా డిక్కీలో పెడుతోంది. నన్ను చూసి, చూడనట్టు కారెక్కబోయింది. నేను వెళ్ళి పక్క సీటు తలుపు తీసి కూర్చున్నాను. ముందు అద్దం మీద పడిన మంచు కరిగి జారిపోతోంది.

"ఎట్లుంది అక్కా నోరు?" అంది చివరికి.

"బాగానే ఉంది. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు కావాలని కొట్టావా?"

తను కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఛీ, అదేం మాటక్కా అంటుందనుకున్నాను. నాకు కావలసింది ఆ మాటే. అది వింటే చాలు, అన్నీ మరిచిపోదామనుకుని కారెక్కాను.

తను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ చెప్పింది. "నాకే తెలుస్తలేదక్కా."

నేను తన వైపు తిరిగాను.

"ఆ రోజు నువ్వు కార్డు వచ్చిందంటే మంచిగనే అనిపిచ్చింది. నిజం చెప్తున్న. ఉండ తింటుంటె మా బిడ్డ యాదికొచ్చింది. దానికి వచ్చే సంవత్సరం ఇరవై ఒకటి నిండుతయి. రెండేండ్లప్పుడు తీసుకొచ్చిన. దానికి ఈ ఊరు తప్ప ఏం తెల్వదు. గప్పుడు లోపట ఏదో మండింది. నీ మీద కాదు. ఎవని మీదనో నాకే తెల్వదు. ఆ మంటతోనే ఆడిన. నువ్వు యెనక ఉన్నవని నాకు తెల్వదు, ఒట్టు. కానీ రోజు తిరిగినట్టే తిరిగిన్నా, ఇంకింత జోరుగ తిరిగిన్నా? రోజు అదే అడుక్కుంటున్న. జవాబు దొరుకుతలేదు."

వైపర్లు ఒకసారి వేసి ఆపి అంది. "కావాల్నని కొట్టలే అని నీకు చెప్తె అయిపోతుండె. కిచిడీ తెచ్చినప్పుడు రోజు అదే చెప్దామనుకున్న. నోట్లకెళ్ళి రాలే."

ఆ క్షణంలో నాకు తన మీద జాలి కలగలేదు. కోపం వచ్చింది. అబద్ధమైనా చెప్పొచ్చు కదా అనిపించింది. తలుపు తీసుకుని దిగి వచ్చేశాను. సరుకులు కొనకుండానే ఇంటికి వెళ్ళిపోయాను. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పన్నాను.

ఆ కోపం చాలా రోజులు ఉంది. కోపంలోనే ఒక సంగతి నెమ్మదిగా తెలిసొచ్చింది. పార్టీలో ఆవిడా, మా ఆయనా, మా అమ్మా చెప్పినవన్నీ ఊహలు. ఎవరికీ అక్కర్లేని నిజం చెప్పింది తనొక్కతే. తప్పించుకునే దారి నేనే తలుపు తీసి చూపించినా తను పోలేదు. అలాంటి మనిషి కావాలని నా పన్ను విరగ్గొట్టిందని నమ్మలేకపోయాను. కొట్టలేదని పూర్తిగా నమ్మడమూ కుదరలేదు. రెండింటి మధ్యా ఎక్కడో ఉండిపోయాను. ఇప్పటికీ కొన్ని రోజులు అక్కడే ఉంటాను.

ఎముకలో స్క్రూ బిగించిన తర్వాత, మంచు పూర్తిగా కరిగాక, తనకి మెసేజ్ పెట్టాను. "ఈ సండే ఆటకి రా. మౌత్‌గార్డ్ కొనుక్కుని ముందు మా ఇంటికి రా."

జవాబు రాలేదు. కానీ ఆదివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడింది, చేతిలో స్పోర్ట్స్ షాపులో కొన్న ప్యాకెట్. వేడినీళ్ళలో వేసి మెత్తబరిచి కొరికే రకం అది. దాన్నెలా చేయాలో తనకి తెలియదు. వాళ్ళ పిల్లలవి వాళ్ళ నాన్న చేసేవాడట.

టీ గిన్నెలో నీళ్ళు మరిగించాను. గార్డ్‌ని అందులో వేసి, మెత్తబడ్డాక గరిటెతో తీసి, చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి ఇచ్చాను. "నోట్లో పెట్టుకుని గట్టిగా కొరుకు. పెదాలతో లోపలికి పీల్చు. నాలుకతో వెనక్కి నొక్కు."

తను కొరికింది. మూతి ముందుకు పొడుచుకొచ్చింది. వాంతి వచ్చినట్టయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొంగ గడ్డం మీదకి కారింది. నేను పేపర్ టవల్ చింపి తుడిచాను. తను నోరు తెరవకుండా నా వైపే చూస్తోంది. అప్పుడు తన కళ్ళలో తిరిగిన నీళ్ళు వాంతి వల్లనేనో కాదో నేను అడగలేదు.

ఆ రోజు ఇద్దరం ఒకే కారులో వెళ్ళాం. మిగతావాళ్ళు మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాత మామూలుగా పలకరించారు. పార్టీలో నాతో మాట్లాడినావిడ బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండిపోయింది. నా స్నేహితురాలు ఆడింది. కానీ పాత ఆట కాదు. బంతి చేతికి రాగానే మోచేతులు పక్కలకి అంటించుకుని ఎవరో ఒకరికి ఇచ్చేసేది. నేను దగ్గరికి వస్తే బంతి వదిలేసేది. "ఎగురు" అని అరుద్దామంటే నా నోట్లో గార్డ్ ఉంది. బయటికి వచ్చింది ఒక మూలుగు.

వేసవిలో నాకు కొత్త పన్ను పెట్టారు. పక్కవాటికంటే కాస్త తెల్లగా ఉంది, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దాని అచ్చుతో మళ్ళీ కొత్త గార్డ్ చేయించుకున్నాను. త, ద తిరిగి వచ్చాయి. తర్వాతి చలికాలంలో నా స్నేహితురాలి కూతురికి ఇరవై ఒకటి నిండాయి. ముందే అప్లై చేసి ఉంచడంతో స్టూడెంట్ వీసాలోకి మారింది. చదువు అయ్యేదాకా ఉండొచ్చు. తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. ఆ పుట్టినరోజుకి తను నన్ను పిలవలేదు. నేను అడగలేదు. మరుసటి ఆదివారం ఆటకి మాత్రం వచ్చింది.

ఇప్పుడు మాలో అందరికీ గార్డులున్నాయి. ఆట జరిగినంతసేపూ కోర్టులో బూట్ల కిచకిచ తప్ప వేరే చప్పుడుండదు. మాటలన్నీ ఆట అయిపోయాక పార్కింగ్‌లో, కార్లు వేడెక్కేదాకా.

ఈ మధ్య దగ్గర్లోని నోవై ఊరి నుంచి ఒక కొత్తావిడ వచ్చింది. మాకంటే చిన్న, మంచి వేగం ఉన్న మనిషి. గార్డ్ లేకుండా కోర్టులోకి దిగింది. నా స్నేహితురాలు బంతి చంకలో పెట్టుకుని నిలబడిపోయింది. తన గార్డ్ చేత్తో తీసి, "ప్యాకెట్ కొత్తది నా బ్యాగ్‌ల ఉన్నది. కిచెన్‌ల వేడి నీళ్ళున్నయి. పెట్టుకుంటెనే ఆడుదాం," అంది.

"ఒక్క గంట ఆటకి ఇంత సీనెందుకండీ? నేను జాగ్రత్తగానే ఆడతా," అంది ఆవిడ నవ్వుతూ.

"నువ్వు ఆడుతవు. నా సంగతి నాకు తెల్వదు కద," అంది నా స్నేహితురాలు. నవ్వలేదు.

కొత్తావిడ మా మొహాలు చూసింది. ఎవరైనా సర్దిచెబుతారేమోనని ఆగింది. ఎవరం మాట్లాడలేదు. నేను నా గార్డ్ నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ విసుక్కుని కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ రోజు మాలో ఒకరు జ్వరమని రాలేదు, కాబట్టి ఏడుగురమే ఆడాం.